మూడో బంతికి కూర లేదు: కేసు వేశాను, గెలిచాను

"చెల్లె పెండ్లికి క్యాటరింగ్ వాళ్ళు ఒప్పుకున్నంత పెట్టలేదు, కేసు వేస్తే లాభముందా, పరువు పోతుందా" అని అడిగారు. వేయండి. పోయే పరువు ఆ రోజు బంతిలోనే పోయింది, కేసుతో కొత్తగా పోయేదేం లేదు.

మాది దేవరకొండ దగ్గర ఊరు. మూడేళ్ళ కింద మాఘంలో మా చెల్లె పెండ్లి చేశాం. ఎనిమిది వందల మందికి ప్లేటు 320 రూపాయల లెక్కన హైదరాబాద్ క్యాటరింగ్ ఆయనతో మాట్లాడుకున్నాం. బగారన్నం, మటన్, చికెన్, పప్పుచారు, డబల్ కా మీఠా. మొత్తం 2,56,000. బయానా పోను మిగతాది పెండ్లి పొద్దున చేతిలో పెట్టాం. అదే తప్పు.

రెండు బంతులు బాగానే లేచాయి. మగపెండ్లివారి రెండో బస్సు అచ్చంపేట నుంచి ఆలస్యంగా వచ్చింది, వాళ్ళు మూడో బంతిలో కూర్చున్నారు. బగారన్నం వడ్డించారు, కూర రాదు. నేను వంటల కాడికి ఉరికితే ఇద్దరు గంజు వంచి గంటెతో అడుగు గీకుతున్నారు. నూనె, నాలుగు బొక్కలు, అంతే. తిరిగొచ్చేసరికి మా బాపు భుజం మీది తువ్వాల చేతిలో పట్టుకొని ఒక్కొక్కరి ముందు వంగి "జర ఆగుండ్రి, వస్తున్నది" అంటున్నాడు. వియ్యంకుడు ఏమీ అనలేదు. పెరుగు పోయించుకొని నాలుగు ముద్దలు తిని లేచాడు. ఆయన కోప్పడినా బాపుకు అంత బాధయ్యేది కాదు.

"మీ మంది ఎక్కువొచ్చిండ్రు" అన్నాడు క్యాటరింగ్ ఆయన. మా మేనబావ ఆ రాత్రే ప్లేట్లు లెక్కపెట్టాడు. ప్లేట్లు మేమే తెచ్చాం, వందేసి తొమ్మిది కట్టలు. రెండు కట్టలు విప్పనే లేదు, మూడోదాంట్లో ముప్పై మిగిలాయి. అంటే తిన్నది 670 మంది. ఆ కట్టల ఫోటోలు, ప్లేట్ల బిల్లు, ఇవే కేసు గెలిపించాయి.

అంతకుముందు పెద్దమనుషులు కూర్చున్నారు. "శుభకార్యం అయిపోయింది, పదివేలు ఇప్పిస్తం, ఊకోండ్రి" అన్నారు. పొలం గట్టు జానెడు జరిగితే ఏళ్ళ తరబడి పంచాయితీ నడిపేవాళ్ళే, ఆడపిల్ల తండ్రి లెక్క అడిగితే మాత్రం తప్పంటారు. నాకు అక్కడే మండింది.

రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాను, జవాబు లేదు. నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 2019 చట్టం వచ్చినంక అవతలివాడిది ఏ ఊరైనా మనముండే జిల్లాలో వేసుకోవచ్చు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. వకీలు లేకున్నా మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ళు దాటనీయొద్దు. ముందు అడిగి తెలుసుకోవాలంటే 1915కు ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. ప్లేటు లెక్క ఒప్పుకోకండి, కిలోల లెక్క రాయించుకోండి. మటన్ ఎన్ని కిలోలు, బియ్యం ఎన్ని కిలోలు, సంతకంతో సహా. మా కాగితంలో "మటన్ కర్రీ" అని ఉందే గాని ఎంతనో లేదు. దాన్ని పట్టుకొనే ఆయన వాయిదాల మీద వాయిదాలు లాగాడు. మా తాతల కాలంలో యాటలు ఇంటి ముందటే కోసేవాళ్ళు, పెండ్లికి ఎన్ని యాటలు తెగినయో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు చాట్ కౌంటర్, పాన్ కౌంటర్, పాప్‌కార్న్ బండి. అన్నంలోకి కూర లేనిచోట పాన్ ఎవరు నములుతారు?

పదమూడు నెలలు పట్టింది. 60,000 తిరిగి ఇయ్యమని, మనోవేదనకు 15,000, ఖర్చులకు 5,000 ఇయ్యమని ఆర్డరు వచ్చింది. చెక్కు బాపు చేతికిస్తే అటు పక్కన పెట్టాడు. ఆర్డరు కాగితం జిరాక్స్ తీయించమన్నాడు. అది మడిచి జేబులో పెట్టుకొని, పొద్దున్నే అచ్చంపేట బస్సెక్కాడు.