మూడో వారంలో తూకం ముల్లు కదలకపోతే శస్త్రచికిత్స విఫలమైనట్లు కాదు

నెల్లిమర్ల సోదరికి నమస్కారం. బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ శస్త్రచికిత్స జరిగి ఇరవై నాలుగు రోజులైందని, మొదట ఏడు కిలోలు తగ్గాక పది రోజులుగా బరువు కదలడం లేదని, చూడవచ్చిన బంధువులు "ఏమీ తేడా లేదు" అంటున్నారని రాశారు.

మొదటి రెండు వారాల్లో తగ్గినదానిలో చాలా భాగం నీరే. ఆహారం ఒక్కసారిగా తగ్గగానే శరీరం కాలేయంలోను, కండరాల్లోను దాచుకున్న గ్లైకోజెన్‌ను (నిల్వ చక్కెరను), దానితో కలిసి ఉన్న నీటిని ఖర్చు చేస్తుంది; ఆ తరువాత కొవ్వు కరుగుతున్నా, నీరు తిరిగి సర్దుకోవడం వల్ల తూకంలో అది కొన్నాళ్లు కనిపించదు. మూడో వారంలో ఇలా ఆగడం చాలామందికి ఎదురయ్యేదే.

మీకు ముందుగా తెలిసేది గాజులు, ఉంగరం వదులవడం. ఇతరులు గుర్తించడానికి సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు పడుతుంది. మొదటి బరువు ఎంత ఎక్కువైతే అంత ఆలస్యంగా కంటికి ఆనుతుంది. తగ్గుదల 12 నుండి 18 నెలల వరకు సాగుతుంది.

రోజూ తూకం చూడకండి. వారానికొకసారి చూసి, నడుము కొలత రాసుకోండి. మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో బలమని పట్టే చోడి (రాగి) అంబలిలో మాంసకృత్తులు తక్కువ. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా అవి అందేలా మీ ఆహార నిపుణులతో మాట్లాడండి. అయితే ఆగని వాంతులు, జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మీ శస్త్రవైద్యుని వద్దకు వెళ్లండి.