వైష్ణోదేవి: పిండీలను చూడకుండానే వచ్చేస్తున్నారా?

ప్రశ్న: పోయినేడాది వైష్ణోదేవి వెళ్లొచ్చాం. గంటల తరబడి లైన్లో నిలబడితే బంగారు కిరీటాలు, వెనకాల విగ్రహాలు కనిపించాయి. మా ఆడపడుచేమో ‘అసలు అమ్మవారు అవి కావు’ అంటోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఆడపడుచు చెప్పిందే నిజం. అక్కడ చెక్కిన మూలవిరాట్టు లేదు. అడుగున ఒకే రాయి, పైకి వచ్చేసరికి మూడు తలలుగా విడివడి ఉంటుంది. వాటినే పిండీలంటారు. ఎదురుగా నిలబడితే మన కుడివైపు చివర నల్లని ఛాయలో మహాకాళి, నడుమ పసుపు కలిసిన ఎరుపులో మహాలక్ష్మి, ఎడమ చివర తెల్లని ఛాయలో మహాసరస్వతి. ముగ్గురూ కలిస్తేనే వైష్ణోదేవి. కిరీటాలు, విగ్రహాలు తర్వాత చేరినవి. మెరిసేవి అవే కాబట్టి కళ్లు అటే లాగేస్తాయి. పైగా అక్కడ నిలబడనిచ్చేది కొన్ని సెకన్లు. మనవాళ్లు తిరుపతిలోలా నిలువెత్తు రూపం కోసం వెతుకుతారు, ఈలోగా ‘చలియే’ (పదండి) అంటారు, అయిపోయింది. లోపల మలుపు తిరిగేటప్పుడే చూపు కిందికి దించి, కిరీటాల కిందున్న రాతి మీద నిలపండి. దండం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు కళ్లు తెరిచి చూడండి.

మీరు నడిచి వెళ్లినది కూడా బహుశా అసలు గుహ కాదు, రద్దీ తట్టుకోవడానికి తవ్విన సొరంగం. మొదటిది 1977లో వచ్చింది. వంగుతూ, కాళ్ల కింద నీళ్లు పారుతుండగా వెళ్లే పాత గుహను జనం పలచబడే చలికాలంలోనే, అదీ కొన్ని వేళల్లోనే తెరుస్తారు. పిండీల పాదాల నుంచి పారే ఆ నీటినే చరణ్‌గంగ అంటారు. బయటికి మళ్లించి ఉంటుంది, సీసాలో పట్టుకోవచ్చు.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తీసుకెళ్లొచ్చు, కానీ మొత్తం నడిపించొద్దు. కొండ కింద ఊరు కాట్రా. అక్కణ్నుంచి భవన్ దాకా దాదాపు 13 కిలోమీటర్ల ఎక్కుడు. భవన్ అంటే గుహ ఉన్న చోటు, ఎత్తు సుమారు 5,200 అడుగులు. దారిని రెండుగా విడగొట్టుకోండి. సగంలో, దాదాపు 6 కిలోమీటర్ల దగ్గర అర్ధకువారీ అనే మజిలీ వస్తుంది. అక్కడిదాకా అమ్మగారికి పాల్కీ మాట్లాడండి. నలుగురు మోస్తారు. గుర్రం చౌక, కానీ ఎక్కడం దిగడం మోకాళ్లకు కష్టం, దిగువకు వచ్చేటప్పుడు నడుం పట్టేస్తుంది. ఆలయ బోర్డు నిర్ణయించిన రేటు ముందే కనుక్కుని, మనిషి గుర్తింపు కార్డు చూసి బయల్దేరండి.

అర్ధకువారీ నుంచి హిమ్‌కోటి దారిలో బ్యాటరీ కార్లు ఉంటాయి. పెద్దవాళ్లకు, నడవలేనివాళ్లకు ముందు అవకాశం. వాన పడి పైనుంచి రాళ్లు జారితే మాత్రం ఈ దారి మూసేస్తారు. అప్పుడు సాంజీఛత్ మీదుగా పోయే పాత దారే గతి, అది ఇంకా నిటారు. అందుకని జులై, ఆగస్టు వద్దనే చెబుతాం. 2025 ఆగస్టు 26న అర్ధకువారీ దగ్గర కొండచరియ విరిగిపడి 30 మందికి పైగా చనిపోయారు, సెప్టెంబరు 17 దాకా యాత్ర ఆగిపోయింది.

హెలికాప్టర్ సాంజీఛత్ దాకానే వెళ్తుంది. అక్కణ్నుంచి భవన్‌కు ఇంకో రెండున్నర కిలోమీటర్లు ఉంటుందని చాలామందికి అక్కడ దిగాకే తెలుస్తుంది. మబ్బు పట్టినా రద్దే. టికెట్లు బోర్డు సొంత వెబ్‌సైట్లోనే కొనండి, దాన్ని పోలిన నకిలీలు బోలెడు.

మీరు నడిచేటట్లయితే అర్ధకువారీ దాకా తారాకోట్ దారి పట్టండి. గుర్రాలు రావు, వాలు తక్కువ. పాత దారిలో మెట్లు కనబడితే దగ్గర కదా అని దిగకండి. మర్నాడు మోకాలు గుర్తుచేస్తుంది.

ప్రశ్న: కొబ్బరికాయ కొట్టొచ్చా? ఫోన్ తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: రెండూ కుదరవు. కొబ్బరికాయ గుహలోకి రానివ్వరు. ముందే తీసుకుని టోకెన్ ఇస్తారు, దర్శనమయ్యాక దాన్ని చూపి కాయ వెనక్కి తెచ్చుకోవాలి. టోకెన్ పారేసుకునేవాళ్లే ఎక్కువ. ఫోను, తోలు బెల్టు, పర్సు క్లోక్‌రూంలో పెట్టాలి. అన్నట్టు, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. కాట్రాలోనే యాత్రికుల్ని గుర్తించే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు ఉచితంగా ఇస్తారు. అది మెళ్లో లేకపోతే నడక మొదట్లో ఉండే బాణగంగ చెక్‌పోస్టు దాటనివ్వరు.

ప్రశ్న: అర్ధకువారీ గుహ, భైరవుడి గుడి... ఏది ముందు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: భైరవుడు ఎప్పుడూ ఆఖరు. తన చేతిలో తల తెగిన భైరవనాథుడికి, తన తర్వాత అతన్ని చూస్తేనే యాత్ర పూర్తవుతుందని అమ్మవారు వరమిచ్చిందని కథ. భవన్ నుంచి కిలోమీటరున్నర నిట్టనిలువు ఎక్కుడు. 2018 డిసెంబరు నుంచి రోప్‌వే ఉంది, నిమిషాల్లో చేరుస్తుంది.

అర్ధకువారీలోని గర్భజూన్ గుహకు లైను చాలా పెద్దది. అమ్మవారు తొమ్మిది నెలలు తపస్సు చేసిందనే ఆ గుహ అతి ఇరుకు, ఒకరి వెనక ఒకరు పాకాలి. వెళ్లేటప్పుడే పేరు రాయించుకుని నంబరు తీసుకోండి. మీ వంతు రావడానికి చాలా గంటలు పడుతుంది, ఈలోగా పైకి వెళ్లి దర్శనం చేసుకుని దిగొచ్చు. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత హారతి సమయంలో భవన్‌లో లైను కదలదు. అప్పుడు చేరుకునేలా మాత్రం బయల్దేరకండి.