టెక్ సందేహాలు: ఇంజిన్ లైటు వెలిగింది, ఫోన్‌లో కోడ్ వచ్చింది... తర్వాత ఏం చేయాలి?

ఈసారి శీర్షికను పూర్తిగా కారు ఇంజిన్‌కు, స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి ఇంజిన్ లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్‌కు, దాని సమాచారాన్ని చూపించే ఫోన్ యాప్‌లకు కేటాయిస్తున్నాం. ఉన్నట్టుండి ఇంజిన్ మొరాయించినప్పుడు ఫోన్ ఎంతవరకు ఆదుకోగలదు, ఎక్కడ పొరబడుతుంది అన్నదే దాదాపు అన్ని ప్రశ్నల్లోనూ ఉన్న సందేహం.

ప్రశ్న: మాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. హైవే మీద ఎత్తు ఎక్కుతుండగా ఒక్కసారిగా కుదుపులు మొదలై పికప్ పడిపోయింది. పసుపు రంగు ఇంజిన్ లైటు కాసేపు వెలిగి ఆరుతూ, తర్వాత నిలకడగా ఉండిపోయింది. బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పి0302 అని వచ్చింది. ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ అందించే భాగం) మార్చమని యాప్ సూచిస్తోంది. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అయిందని, అంటే అక్కడ ఇంధనం సరిగా మండలేదని మాత్రమే అర్థం. ఎందుకు మండలేదో ఆ కోడ్ చెప్పదు. ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే ఈసీయూ, సిలిండర్ లోపలికి తొంగి చూడలేదు. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం వేగాన్ని ఒక సెన్సర్ ద్వారా ఎడతెగకుండా కొలుస్తూ, ఏ సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ వేగం తగ్గుతోందో గమనించి, దాని నంబరును నమోదు చేస్తుంది. కాయిల్ పోయినా, స్పార్క్ ప్లగ్ అరిగినా, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయినా, వాల్వు సరిగా మూసుకోక కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కిపట్టే ఒత్తిడి) తగ్గినా చక్రం వేగం ఒకేలా తగ్గుతుంది కాబట్టి కోడ్ కూడా ఒకటే వస్తుంది. యాప్ ఇచ్చిన సలహా ఇలాంటి కోడ్‌కు తరచుగా కారణమయ్యే భాగం పేరును పట్టికలోంచి తీసి చూపించడమే తప్ప, మీ కారును పరీక్షించి చెప్పిన మాట కాదు.

అన్నిటికన్నా ముందు లైటు వెలిగి ఆరిన సంగతి గుర్తుంచుకోవాలి. నిలకడగా వెలిగే పసుపు లైటుతో, కారు మామూలుగానే నడుస్తుంటే, నెమ్మదిగా మెకానిక్ దాకా వెళ్లవచ్చు. వెలిగి ఆరుతుంటే మాత్రం, మండని పెట్రోలు పొగ గొట్టంలో కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతోందని, ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉందని ఈసీయూ హెచ్చరిస్తున్నట్టు. అప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, సురక్షితమైన చోట ఆపడమే సరైన పని. కాయిల్‌తో పోయేదాన్ని కన్వర్టర్ దాకా తెచ్చుకున్నవారు తక్కువేమీ కాదు.

ఇక పరీక్ష సంగతి. కోడ్‌తో పాటు ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ అనే సమాచారాన్ని దాచుకుంటుంది. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంలో ఉంది, కారు వేగమెంత, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, ఇంజిన్ మీద లోడ్ ఎంత శాతం అన్నవి అందులో ఉంటాయి. చాలామంది యాప్‌లో ఈ పేజీని తెరవనే తెరవరు. నా దృష్టిలో స్కానర్ ఇచ్చే సమాచారంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. మీ కారు ఎత్తు ఎక్కుతోంది కాబట్టి లోడ్ ఎక్కువగానే కనిపించవచ్చు. లోడ్ పెరిగితే సిలిండర్‌లో పీడనం పెరుగుతుంది, ఆ పీడనంలో స్పార్క్ ప్లగ్ సందును దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనపడిన కాయిల్, సందు పెరిగిన ప్లగ్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు) బాగానే పనిచేసి ఎత్తు మీద చేతులెత్తేయడానికి కారణమిదే. అలా కాకుండా, చల్లటి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా మిస్‌ఫైర్ నమోదై ఉంటే ఇంజెక్టర్‌నూ కంప్రెషన్‌నూ కూడా గట్టిగా అనుమానించాలి.

ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకున్నాక, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, దాన్ని ఆపి, పూర్తిగా చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి నడిపి చూడాలి. కొత్తగా పి0303 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలిందన్నమాట, అప్పుడు ధైర్యంగా కొత్తది కొనవచ్చు. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి. తర్వాత ప్లగ్‌లను అదే విధంగా మార్చి చూసి, అప్పటికీ తేలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ పరీక్షలకు మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. వేడిగా ఉన్న అల్యూమినియం హెడ్‌లోంచి ప్లగ్ విప్పితే మరలు చెడిపోతాయి, తొందరపడకండి. ఒకటో సిలిండర్ ఏ వైపు మొదలవుతుందో కూడా అన్ని కంపెనీలకూ ఒకటి కాదు, సర్వీస్ మాన్యువల్ చూసుకోండి. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు పంచే పాత పద్ధతి ఇంజిన్లలో ఈ మార్పిడి కుదరదు గానీ, ఆ జంటలోని రెండు సిలిండర్లూ కలిసి మిస్ అవుతుంటే అదే కాయిల్ మీద అనుమానానికి ఆధారం. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వే ఉండదు కాబట్టి, అందులో పి0302 వచ్చినప్పుడు కాయిల్ మార్చమనే యాప్‌ను నమ్మాల్సిన పనే లేదు.

ప్రశ్న: ఇంజిన్ లైటు వెలిగితే యాప్‌లో కోడ్ చెరిపేశాను, లైటు ఆరిపోయింది. మర్నాడు వర్క్‌షాపుకు తీసుకెళితే అక్కడి స్కానర్‌లో ఏమీ కనబడలేదు. సమస్య మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది.

జవాబు: మీరు చెరిపింది కోడ్‌ను ఒక్కదాన్నే కాదు. ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, కాలుష్య నియంత్రణ వ్యవస్థలను కారు తనంతట తాను పరీక్షించుకున్న ఫలితాలన్నీ ‘పూర్తికాలేదు’ అన్న స్థితికి వెళ్లిపోతాయి, చాలా కార్లలో ఇంధనం మోతాదు గురించి ఈసీయూ నేర్చుకున్న సర్దుబాట్లు కూడా సున్నాకు వస్తాయి. ఇంజిన్ కాసేపు బాగున్నట్టు అనిపించడానికి అదీ ఒక కారణం. పైగా చాలా లోపాలను ఈసీయూ మొదటిసారి చూడగానే లైటు వెలిగించదు; వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే వెలిగిస్తుంది. మొదటిసారి చూసినదాన్ని ‘పెండింగ్’ కోడ్‌గా పక్కన పెడుతుంది. అందుకని ఇకపై లైటు లేకపోయినా సమస్య వచ్చిన రోజున ఆ పెండింగ్ జాబితాను తెరిచి చూడండి. కొన్ని కొత్త కార్లలో ‘పర్మనెంట్’ కోడ్‌లు అని ఇంకో జాబితా ఉంటుంది, దాన్ని ఏ స్కానర్‌తోనూ చెరపలేరు కాబట్టి అందులో ఆనవాలు మిగిలి ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: గంటసేపు నడిపాక, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత, ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. అరగంట ఆగితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. స్కానర్‌లో ఏ కోడూ లేదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది.

జవాబు: కోడ్ లేకపోవడం లోపం లేదనడానికి రుజువు కాదు. వేడికి ఆగి, చల్లారితే పనిచేసే లక్షణానికి క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్, పెట్రోలు పంపు, ఏదో ఒక రిలే ముఖ్యమైన అనుమానితులు. చల్లారిన కారును వర్క్‌షాపులో ఎంతసేపు చూసినా ఇది దొరకదు, ఆగిపోయి ఉన్న ఆ అరగంటలోనే పట్టుకోవాలి. స్కానర్‌ను తగిలించి, యాప్‌లో లైవ్ డేటా తెరిచి, ఆర్‌పీఎం అంకెను మాత్రం చూస్తూ సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా అంకె సున్నా దగ్గరే ఉంటే, ఇంజిన్ తిరుగుతోందన్న సంగతి ఈసీయూకు అందడం లేదు. క్రాంక్ సెన్సర్ గానీ, దాని వైరింగ్ గానీ కారణమని దాదాపుగా తేలినట్టే, ఎందుకంటే ఆ సంకేతం లేనిదే ఈసీయూ ఇంధనమూ ఇవ్వదు, నిప్పురవ్వా ఇవ్వదు. అంకె కొన్ని వందల దాకా లేస్తుంటే సెన్సర్ బాగుందని, పెట్రోలు పీడనాన్ని పరీక్షించాలని అర్థం. తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు వైపు నుంచి క్షణం సేపు వినిపించే పంపు చప్పుడు ఉందా లేదా అన్నది కూడా అప్పుడే చెవిపెట్టి వినండి. డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ వెలుగుతుంటే దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ సంగతి వేరే చూడాలి. యాప్‌లో డేటాను ఫైలుగా రికార్డు చేసే సదుపాయం ఉంటే ప్రయాణం మొదట్లోనే ఆన్ చేసి వదిలేయండి. నడుపుతూ ఫోన్ వైపు చూడవద్దు.

ప్రశ్న: పి0171, ‘సిస్టమ్ టూ లీన్’ అని వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ మార్చాక కూడా అదే కోడ్.

జవాబు: పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని చెప్పిన సెన్సర్‌నే మీరు మార్చారు. అది చాలావరకు నిజమే చెప్పి ఉంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఒక వంతు ఇంధనానికి బరువులో సుమారు 14.7 వంతుల గాలి ఉండాలి. గాలి ఎక్కువైనా, పెట్రోలు తక్కువైనా ఈ కోడ్ వస్తుంది. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి మీ ఫోన్ చాలు. లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే రెండు శాతాలు ఉంటాయి. లెక్కగట్టిన దానికన్నా ఎంత ఎక్కువ లేదా తక్కువ పెట్రోలు పోయాల్సి వస్తోందో అవి చెబుతాయి. రెండూ కలిపి పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే సాధారణంగా ఫర్వాలేదు.

ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి మరోసారి ఆ మొత్తాన్ని రాసుకోండి. ఐడ్లింగ్‌లో ప్లస్ ఇరవై ఉండి, ఆర్‌పీఎం పెంచగానే మామూలు స్థాయికి దిగితే, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టం నుంచి, వదులైన గాస్కెట్ నుంచి లెక్కకు రాని గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొద్ది కాబట్టి ఆ చిన్న చిల్లు అక్కడ పెద్దదిగా కనిపిస్తుంది. ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ మీద శాతం పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టి గాలిని తక్కువగా లెక్కిస్తున్న మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు చూడాలి. రెండు చోట్లా ఒకేలా ఎక్కువగా ఉంటే, ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు పొగ గొట్టంలో చీలిక ఉండి బయటి గాలి లోపలికి లాక్కోబడుతోందేమో కూడా పరిశీలించమనండి. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ పీడనంతోనే గాలిని లెక్కగట్టే కార్లలో మాత్రం ఐడ్లింగ్‌లో శాతం పెరిగే ఈ మొదటి గుర్తు అంత స్పష్టంగా కనిపించదు. అక్కడ గాలి లీకైతే ఐడ్లింగ్ వేగమే పెరిగిపోవచ్చు.

ప్రశ్న: ఒకేసారి ఇంజిన్, ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ వెలిగి ఇంజిన్ తడబడింది. స్కానర్‌లో యు అక్షరంతో మొదలయ్యే కోడ్‌లు చాలా వచ్చాయి.

జవాబు: ఇన్ని భాగాలు ఒక్క క్షణంలో పాడవవు, వాటన్నిటికీ ఉమ్మడిగా అందే కరెంటు సంగతి చూడండి. కోడ్‌లో పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. బి అంటే బాడీ. సి అంటే ఛాసిస్. యు అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్. వోల్టేజీ పడిపోతే అవి మాట్లాడుకోలేక ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు చేసుకుంటాయి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత బాగున్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. నడుస్తున్నా పన్నెండు దగ్గరే ఉండి ఇంకా తగ్గుతూ పోతుంటే ఆల్టర్నేటర్ ఛార్జి చేయడం లేదు. దారిలో ఎప్పుడైనా ఆగిపోవచ్చు. కొత్త కార్లలో ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్‌ను అప్పుడప్పుడు తగ్గిస్తారు కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకండి. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బిగుతుగా, శుభ్రంగా ఉన్నాయా అన్నది ముందు చూడాల్సిన విషయం.

ఇదే చోట ఒక మాట. ఎర్ర రంగు ఆయిల్ బొమ్మ వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటినా స్కానర్ జోలికి పోకుండా వెంటనే కారు ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఆయిల్ ప్రెషర్ లేకుండా నడిపిన ప్రతి నిమిషం బేరింగులను తినేస్తుంది. వేడెక్కిన రేడియేటర్ మూతను చల్లారేదాకా ముట్టుకోవద్దు.

ప్రశ్న: నా స్కానర్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో బాగా పనిచేస్తోంది, ఐఫోన్‌లో కనబడనే కనబడదు.

జవాబు: ఈఎల్‌ఎం327 రకం చవక స్కానర్లు చాలావరకు పాత తరహా బ్లూటూత్ వాడతాయి. ఆపిల్ ధ్రువీకరణ లేని అలాంటి పరికరాలతో ఐఫోన్ యాప్‌లు మాట్లాడలేవు. ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్‌ఈ) అనే కొత్త రకం బ్లూటూత్ ఉన్నదో, వైఫై ఉన్నదో తీసుకోండి. బీఎల్‌ఈ రకాన్ని ఫోన్ సెట్టింగ్స్‌లో కాకుండా యాప్‌లోంచే జత చేయాలి. వైఫై రకానికి యాప్‌లో సాధారణంగా 192.168.0.10 చిరునామా, 35000 పోర్టు ఇవ్వాలి.

ప్రశ్న: స్కానర్‌ను ఎప్పుడూ తగిలించే ఉంచవచ్చా?

జవాబు: వద్దు. ఆ పదహారు పిన్నుల సాకెట్‌లో పదహారో పిన్నుకు తాళం చెవి తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. తనంతట తాను నిద్రలోకి వెళ్లని స్కానర్ కొన్ని వారాలు కదలని కారు బ్యాటరీని ఖాళీ చేయగలదు. రెండో కారణం భద్రత. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో పరిశోధకులు ఇదే సాకెట్‌కు తగిలించి ఉంచిన ఒక సెల్యులార్ పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి, కార్వెట్ కారు బ్రేకులను దూరం నుంచే ప్రభావితం చేసి చూపించారు. మీ బ్లూటూత్ స్కానర్‌కు సిమ్ లేకపోవచ్చు గానీ, దాన్ని జత చేసే రహస్య సంఖ్య 1234 అయినప్పుడు దగ్గర్లో ఉన్న ఎవరి ఫోన్ అయినా దానికి జత కావచ్చు. పని అయ్యాక తీసి గ్లోవ్ బాక్స్‌లో పెట్టేయండి.