కంటైనర్‌ను ఎట్ల అడగాలె: బీన్ల జాబితా గురించి ఒక లేఖ

బిడ్డా,

స్ప్రింగ్ బూట్ (జావా ప్రోగ్రాములు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రోగ్రాంలో మీరు రాసిన క్లాసులు కంటైనర్‌లోకి, అంటే వస్తువులను తయారు చేసి పెట్టుకునే స్ప్రింగ్ భాగంలోకి, ఎక్కినయా లేదా ఎట్ల చూడాలె, ఒక ఇంటర్‌ఫేస్‌కు ఉన్న బీన్లన్నీ (కంటైనర్ చూసుకునే వస్తువులు) ఒక్కసారే ఎట్ల తీసుకోవాలె అని అడిగినవు. ఈ రెండూ ఒకటే తీరు కనిపిస్తయి గని వేర్వేరు పనులు. మొదటిది తెలుసుకునేటందుకు, రెండోది వాడుకునేటందుకు. తెలుసుకోవాలంటే కంటైనర్‌ను నేరుగా అడుగు. వాడుకోవాలంటే మాత్రం నీకేం కావాలెనో కన్‌స్ట్రక్టర్‌లో రాసిపెట్టు, కంటైనరే తెచ్చిస్తది. ఇంకొకటి, ఈ ఉత్తరమంతా దాని చుట్టే తిరుగుతది: కొన్ని ప్రశ్నలు అడిగితే కంటైనర్ జవాబు ఒక్కటే చెప్పి ఊకోదు, అప్పటికప్పుడు వస్తువులు తయారు చేసి చేతిలో పెడతది. ఏ ప్రశ్న ఎసుంటిదో తెలవకుండా అడిగితే తిప్పలు.

ఉదాహరణకు ఏనుమాముల మార్కెట్ యార్డులో రైతుకు తక్‌పట్టీ, అంటే కోతలు పోను ఎంత వస్తదో చూపే చీటీ, రాసే ప్రోగ్రాం ఒకటి అనుకో. సరుకును బట్టి కోతల లెక్క మారుతది కాబట్టి ‘కోత’ అనే ఇంటర్‌ఫేస్ పెట్టి, దానికింద పత్తికోత, మిర్చికోత, మక్కకోత అని మూడు క్లాసులు రాసినవు. మూడింటి మీదా కాంపొనెంట్ యానొటేషన్ (దీన్ని బీన్ చెయ్యమని చెప్పే గుర్తు) ఉన్నది.

ముందుగాల పేర్లు చూడు. అప్లికేషన్‌కాంటెక్స్ట్, అంటే కంటైనర్, మీద గెట్‌బీన్‌డెఫినిషన్‌నేమ్స్ పిలిస్తే పేర్ల వరుస వస్తది. ఇది ఏ వస్తువునూ తయారు చేయదు, ఎప్పుడు పిలిచినా భయం లేదు. కాకపోతే అది చూపేది డెఫినిషన్లను (బీన్ ఎట్ల చెయ్యాలెనో రాసుకున్న వివరం), వస్తువులను కాదు. పెండ్లి పిలుపుల లిస్టులో పేరున్నంత మాత్రాన మనిషి పందిట్లోకి వచ్చినట్టు కాదు గదా. లేజీ (అడిగినప్పుడే పుట్టేది) అని పెట్టిన బీన్ పేరు లిస్టులో ఉంటది, వస్తువు ఇంకా పుట్టి ఉండదు. అది పుట్టిందా లేదా తెలవాలంటే కన్ఫిగరబుల్‌లిస్టబుల్‌బీన్‌ఫ్యాక్టరీ తీసుకొని కంటైన్స్‌సింగిల్టన్ అని అడుగు. అది ఇప్పటికే తయారైన సింగిల్టన్ (కంటైనర్‌లో ఒక్కటే ఉండే వస్తువు) ఉంటేనే అవునంటది. కంటైన్స్‌బీన్ అట్ల కాదు, డెఫినిషన్ ఉంటే చాలు, అవునంటది. ఈ రెండిటినీ కలిపి చూసుకోకు.

ఆ లిస్టులో రానివి కూడా ఉంటయి. రిజిస్టర్‌సింగిల్టన్‌తో నేరుగా చేర్చిన వస్తువులకు డెఫినిషన్ ఉండదు. ఎన్విరాన్‌మెంట్, సిస్టంప్రాపర్టీస్ ఇట్లాంటివే. అవి గెట్‌సింగిల్టన్‌నేమ్స్‌లో దొరుకుతయి. పేరెంట్ కాంటెక్స్ట్ (పైనున్న ఇంకో కంటైనర్) ఉంటే దాంట్లోని పేర్లు కూడా ఈ లిస్టులోకి రావు. బీన్‌ఫ్యాక్టరీయుటిల్స్ క్లాసులో ‘ఇన్‌క్లూడింగ్‌యాన్సెస్టర్స్’ అని ముగిసే మెథడ్లు పైదాకా పోయి వెతికి తెస్తయి. గెట్‌బీన్ మాత్రం తనంతట తానే పేరెంట్‌ను అడుగుతది. అందుకే ‘లిస్టులో లేదు గని గెట్‌బీన్‌కు దొరుకుతున్నది’ అని పరేషాన్ అయితరు. ఉత్త బూట్ ప్రోగ్రాంలో సాధారణంగా ఒకటే కాంటెక్స్ట్ ఉంటది కాబట్టి నీకిప్పుడు దీని బాధ తక్కువ.

బూట్ ప్రోగ్రాంలో ఆ లిస్టు చాలా పొడుగు ఉంటది, ఎక్కువ బూట్ తెచ్చుకున్నవే. గెట్‌రోల్ (బీన్ నీదా, స్ప్రింగ్ లోపలిదా అని చెప్పే అంకె) చూసి వడపోస్తే సరిపోతదని కొందరు చెప్తరు. సరిపోదు. ఆటోకాన్ఫిగరేషన్ (బూట్ తనంతట తాను చేసే అమరిక) తెచ్చిన బీన్లు చాలామట్టుకు నీ వాటి తీరే రోల్ 0 తోటే ఉంటయి. నేను చెప్పేది ఇదీ: ఒక్కో పేరుకు గెట్‌టైప్ పిలిచి, వచ్చిన క్లాసు ప్యాకేజీ మీ ప్యాకేజీతో మొదలైతేనే లాగ్‌లో రాయి. గెట్‌టైప్ మామూలు బీన్‌ను తయారు చేయదు. ఫ్యాక్టరీబీన్ (ఇంకో వస్తువును తయారు చేసిచ్చే బీన్) అయితే మాత్రం, అది ఏ రకం వస్తువు ఇస్తదో తెలుసుకోవాలని దాన్ని లేపొచ్చు. అది వద్దనుకుంటే, 5.2 నుంచి ఇంకో ఆర్గ్యుమెంట్ తీసుకునే గెట్‌టైప్ ఉన్నది, దానికి ఫాల్స్ ఇయ్యి.

కోడ్ రాయకుండా చూడాలంటే యాక్చువేటర్ (నడిచే ప్రోగ్రాం లోపలి వివరాలు చూపే బూట్ భాగం) ఉన్నది. స్ప్రింగ్‌బూట్ స్టార్టర్ యాక్చువేటర్ డిపెండెన్సీ చేర్చి, ప్రాపర్టీస్ ఫైల్లో మేనేజ్‌మెంట్.ఎండ్‌పాయింట్స్.వెబ్.ఎక్స్‌పోజర్.ఇన్‌క్లూడ్ కు హెల్త్, బీన్స్ అని రాయి. బూట్ 2.5 నుంచి వెబ్ మీద హెల్త్ ఒక్కటే తెరిచి ఉంటది, అందుకే ఈ లైన్ రాయకుంటే 404 వస్తది. తర్వాత యాక్చువేటర్ కింద బీన్స్ చిరునామా తెరిస్తే ఒక్కో బీన్‌కు మారుపేర్లు, స్కోప్, టైప్, ఏ ఫైల్ నుంచి వచ్చింది, దేని మీద ఆధారపడ్డది అన్నీ కనబడతయి. నాకు వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది ‘రిసోర్స్’. ఒకే టైప్‌కు అనుకోకుండా రెండు బీన్లు ఎక్కినప్పుడు రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్తది. ఈ చిరునామాను లైవ్ సర్వర్ మీద మాత్రం తెరిచి ఉంచకు. ప్రోగ్రాం లోపలి కట్టుబడి అంతా బయటోళ్లకు చూపెట్టినట్టే.

ఇప్పుడు వెతుకుడు. పేరుతో వెతికేటప్పుడు తప్పు ఎక్కువ పేరులోనే ఉంటది. కాంపొనెంట్‌కు నువ్వు పేరు ఇయ్యకపోతే క్లాసు పేరులో మొదటి అక్షరం చిన్నదయి బీన్ పేరు అయితది. కాని మొదటి రెండక్షరాలూ పెద్దవే అయితే ఉన్నది ఉన్నట్టే ఉంటది. జీఎస్టీకోత అనే క్లాసును ఇంగ్లిష్‌లో రాస్తే మొదలు మూడూ పెద్దక్షరాలే గదా, దాని బీన్ పేరు మారదు. చిన్నక్షరంతో అడిగితే నోసచ్‌బీన్‌డెఫినిషన్‌ఎక్సెప్షన్ వస్తది. బీన్ యానొటేషన్ పెట్టిన మెథడ్ అయితే మెథడ్ పేరే బీన్ పేరు, క్లాసు పేరుతో పని లేదు.

టైప్‌తో వెతికితే, ఒక్కటే ఉంటే సరే. మూడు కోతలున్నయి కాబట్టి గెట్‌బీన్‌కు కోత అని ఇస్తే నోయూనిక్‌బీన్‌డెఫినిషన్‌ఎక్సెప్షన్ వస్తది. ఒకదాని మీద ప్రైమరీ యానొటేషన్ పెడితే అది దొరుకుతది. ఇక్కడొక తేడా చూసుకో. కన్‌స్ట్రక్టర్‌లో ‘కోత మిర్చికోత’ అని రాస్తే, ప్రైమరీ లేకున్నా, ఆర్గ్యుమెంట్ పేరు బీన్ పేరుతో కలిసినందుకు మిర్చిదే వచ్చి చేరుతది. గెట్‌బీన్‌కు ఆ ఆధారం లేదు, ఎక్సెప్షనే ఇస్తది.

నీ రెండో ప్రశ్నకు వస్తున్న. అన్ని కోతలూ కావాలంటే చాలామంది గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ పిలుస్తరు. పేరు, వస్తువు జతగా మ్యాప్ వస్తది, చూడ సులువే. దీని గురించి జర ఆగి చెప్తా, తిప్పలు ఎక్కువ ఇక్కడే వస్తయి.

అది ఆ టైప్‌వన్నీ తయారు చేస్తది. లేజీవి లేస్తయి. ప్రోటోటైప్ ఉంటే పిలిచిన ప్రతిసారీ కొత్తది పుడతది. ప్రోటోటైప్‌లకు కంటైనర్ డెస్ట్రాయ్ మెథడ్ పిలవదు, కాబట్టి అది ఫైలో కనెక్షనో తెరిచిందంటే మూసే బాధ్యత నీదే. నిమిషానికొకసారి నడిచే షెడ్యూల్ పనిలో ఈ పిలుపు పెట్టి, తర్వాత కనెక్షన్లు ఎందుకు అయిపోతున్నయని వెతకడం నీకు రావద్దు.

రిక్వెస్ట్ స్కోప్ బీన్ (ఒక్కో వెబ్ రిక్వెస్ట్‌కు ఒకటి పుట్టేది) ఉంటే ఇంకో గోస. ప్రాక్సీ (అసలు వస్తువు ముందు నిలబడే మారు వస్తువు) పెట్టిన బీన్‌కు లోపల ‘స్కోప్డ్‌టార్గెట్’ అని మొదలయ్యే రెండో పేరు ఉంటది, గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ దాన్ని కూడా లేపబోతది. ఆ టైంలో వెబ్ రిక్వెస్ట్ నడుస్తలేకపోతే స్కోప్ యాక్టివ్‌గా లేదని పడిపోతది. కన్‌స్ట్రక్టర్‌లో లిస్ట్ అడిగితే ఈ లోపలి బీన్ రాదు, దాన్ని ఇంజెక్షన్‌కు పనికిరానిదని స్ప్రింగే గుర్తు పెట్టి ఉంచుతది.

అన్నిటికంటే చెడ్డది చప్పుడు లేకుండా జరిగేది. తక్‌పట్టీ సర్వీస్ కన్‌స్ట్రక్టర్ లోపల గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ పిలిచినవనుకో, మిర్చికోత కన్‌స్ట్రక్టర్‌కు మళ్లా అదే సర్వీస్ కావాలె. సర్వీస్ ఇంకా తయారైతనే ఉన్నది కాబట్టి మిర్చికోత పుట్టలేదు. ఇక్కడ స్ప్రింగ్ ఎక్సెప్షన్ ఇయ్యదు, ఆ ఒక్కదాన్ని వదిలేసి మిగిలిన రెండింటితో మ్యాప్ ఇస్తది. మామూలు లాగ్‌లో కూడా కనబడదు. ప్రోగ్రాం లేస్తది, పత్తి, మక్కల పట్టీలు సరిగానే వస్తయి, మిర్చి రైతు వచ్చి నిలబడ్డప్పుడు గని తెలవదు. అందుకే అన్నీ కావాల్సిన పని కన్‌స్ట్రక్టర్‌లో పెట్టకు. స్మార్ట్‌ఇనీషియలైజింగ్‌సింగిల్టన్ ఇంటర్‌ఫేస్‌లోని ఆఫ్టర్‌సింగిల్టన్స్‌ఇన్‌స్టాన్షియేటెడ్ మెథడ్‌లో పెట్టు, లేకుంటే అప్లికేషన్‌రెడీ ఈవెంట్ వచ్చినంక చెయ్యి. లేజీ కాని సింగిల్టన్లన్నీ అప్పటికి పుట్టి ఉంటయి.

బీన్‌ఫ్యాక్టరీపోస్ట్‌ప్రాసెసర్ (బీన్లు పుట్టకముందే డెఫినిషన్లను మార్చే క్లాసు) రాయాల్సి వస్తే దాంట్లో ఏ వస్తువునూ అడగకు. అప్పటికి బీన్‌పోస్ట్‌ప్రాసెసర్లు (పుట్టే బీన్‌ను సిద్ధం చేసేవి) చేరి ఉండయి, ముందే పుట్టిన బీన్‌కు ఆటోవైర్డ్ ఫీల్డులు నిండయి, ట్రాన్సాక్షన్ ప్రాక్సీ తొడగదు. పేర్లు కావాలంటే గెట్‌బీన్‌నేమ్స్‌ఫర్‌టైప్‌కు టైప్, ట్రూ, ఫాల్స్ అని మూడు ఆర్గ్యుమెంట్లు ఇయ్యి. ఆఖరి ఫాల్స్ ఎవ్వరినీ ముందుగా లేపొద్దని చెప్పేది.

ఇంతకు నీ పనికి కావాల్సింది గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ కానే కాదు. కన్‌స్ట్రక్టర్‌లో ‘మ్యాప్, స్ట్రింగ్, కోత’ అని రాయి. బీన్ పేరు కీగా మూడూ వచ్చి చేరుతయి. పైన చెప్పిన చుట్టు ఆధారం (సర్వీస్‌కు మిర్చికోత, మిర్చికోతకు సర్వీస్ కావాలనుడు) ఉంటే బూట్ లేవకుండానే ఆగి, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డరో గీత గీసి చూపెడతది. అట్ల గట్టిగా పడిపోవడమే మనకు మంచిది. వరుస ముఖ్యమైతే, ముందు కమీషన్ తర్వాత హమాలీ అన్నట్టు, మ్యాప్ బదులు లిస్ట్ అడుగు, క్లాసుల మీద ఆర్డర్ యానొటేషన్ పెట్టు. చిన్న అంకె ముందు వస్తది. గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఆర్డర్‌ను పట్టించుకోదు. ఒక్క బీన్ కూడా లేకపోవచ్చు అనుకుంటే ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ (అడిగినప్పుడే బీన్లను తెచ్చిచ్చేది) అడుగు, ఎందుకంటే ఆటోవైర్డ్ ఫీల్డు లాంటి చోట లిస్ట్ అడిగితే, ఒక్క బీన్ కూడా లేనప్పుడు స్ప్రింగ్ ఖాళీ లిస్ట్ ఇయ్యకుండా ఎక్సెప్షన్ ఇస్తది. ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ 4.3 లో వచ్చింది. దాంట్లోని ఆర్డర్డ్‌స్ట్రీమ్ 5.1 నుంచి ఉన్నది, వరుస కూడా పాటిస్తది.

బీన్ పేరును కీగా వాడినప్పుడు ఒక మాట. ఎవరో క్లాసు పేరు మారిస్తే కీ కూడా మారుతది, కంపైలర్ ఏమనదు. నేనైతే కోత ఇంటర్‌ఫేస్‌లోనే సరుకు కోడ్ ఇచ్చే మెథడ్ ఒకటి పెట్టి, లిస్ట్ తీసుకొని, దాంతో మ్యాప్ కట్టుకోమంటా. ఒకే కోడ్ రెండింటికి ఉంటే అక్కడనే ఎక్సెప్షన్ ఇచ్చి ఆపు.

ఇంత చేసినా బీన్ దొరకకపోతే ఈ వరుసలో చూడు. మొదలు ప్యాకేజీ: స్ప్రింగ్‌బూట్‌అప్లికేషన్ యానొటేషన్ ఉన్న క్లాసు ప్యాకేజీ, దాని కింది ప్యాకేజీలే స్కాన్ అయితయి. పక్క ప్యాకేజీలో పెట్టిన మిర్చికోత కంటైనర్‌కు తెలవనే తెలవదు. తర్వాత ప్రొఫైల్, కండిషన్ యానొటేషన్లు, అవి కలవకపోతే బీన్ ఎక్కదు. డిబగ్ ఆప్షన్ పెట్టి నడిపితే ఏ ఆటోకాన్ఫిగరేషన్ కలిసింది, ఏది ఎందుకు కలవలేదు అనే రిపోర్ట్ వస్తది. ఆ తర్వాత రిటర్న్ టైప్: బీన్ మెథడ్ కోత అని ఇంటర్‌ఫేస్‌ను తిరిగి ఇస్తే, ఆ వస్తువు పుట్టేదాకా అది మిర్చికోత అని కంటైనర్‌కు తెలవదు, కాబట్టి క్లాసుతో వెతికితే ఒకసారి దొరుకుతది, ఒకసారి దొరకదు. మెథడ్ మీద అసలు క్లాసునే రాయి. ఆఖరుకు ప్రాక్సీ: బూట్ 2.0 నుంచి క్లాసు ఆధారిత ప్రాక్సీలే మామూలు కాబట్టి క్లాసుతో వెతికినా దొరుకుతది. ఎవరన్నా దాన్ని మార్చి ఇంటర్‌ఫేస్ ప్రాక్సీలు పెట్టి ఉంటే ఇంటర్‌ఫేస్‌తోనే అడగాలె. లాగ్‌లో క్లాసు పేరు మధ్యలో రెండు డాలర్ గుర్తులు పక్కపక్కనే కనబడితే సాధారణంగా ప్రాక్సీ అని అర్థం. అసలు క్లాసు కావాలంటే ఏఓపీయుటిల్స్‌లో గెట్‌టార్గెట్‌క్లాస్ ఉన్నది.

మీ పక్క టీం క్వార్కస్ (స్ప్రింగ్ తీరే ఇంకో జావా ఫ్రేమ్‌వర్క్) మీద ఉన్నదన్నవు. వాళ్లకు ఈ పేర్లేవీ వర్తించవు. క్వార్కస్ ఎవరూ వాడని బీన్లను బిల్డ్ టైంలోనే తీసేస్తది, కోడ్‌తో నేరుగా వెతికేవి కూడా దాంట్లో పోవచ్చు. వాటి మీద అన్‌రిమూవబుల్ యానొటేషన్ పెట్టుమను.

ముందు యాక్చువేటర్ పెట్టి మీ బీన్ల జాబితా తీయి. తర్వాత కోడ్‌లో గెట్‌బీన్స్‌ఆఫ్‌టైప్ ఎక్కడెక్కడ ఉన్నదో వెతికి, కన్‌స్ట్రక్టర్ లోపల ఉన్నవాటిని ముందు మార్చు. మార్చినంక ప్రోగ్రాం లేవకపోతే, ఆ గీత గీసి చూపే మెసేజ్‌ను అట్లనే కాపీ చేసి నాకు పంపు.

మీ పెదనాన్న
హన్మకొండ