పాత జీపు కొన్నాక వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చాలా?

తిరుపతిలో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొన్నవారి ప్రశ్న ఇది. డిఫరెన్షియల్ అంటే మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే, ఇరుసులోని గేర్ల అమరిక. మార్చాలి. అమ్మినవారి మాట నమ్మి వదిలేయవద్దు. ముందు ఆయిల్ పోసే పై బిరడా విప్పండి. అది తుప్పుపట్టి రాకపోతే, కింద నుంచి ఆయిల్ వంపేసిన బండి కొత్త ఆయిల్ పోయలేక అక్కడే నిలిచిపోతుంది.

అసలు సంగతి పాత ఆయిల్ చెబుతుంది. ఆయిల్ వంపే కింది బిరడాకుండే అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటితే మామూలు అరుగుదలే. లోహపు ముక్కలు కనిపిస్తే హౌసింగ్, అంటే గేర్లుండే పెట్టె, విప్పక తప్పదు. పాలు కలిసిన టీలా ఉంటే నీరు చేరినట్టే. తలకోన వైపు వాగుల్లో దిగిన బండికి అది వింత కాదు. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. ఇరుసులోకి గాలి ఆడే చిన్న మార్గమైన బ్రీదర్ మూసుకుపోయి ఉంటే, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల గుండా నీరు లోపలికి పోతుంది. అందుకే బ్రీదర్ కూడా శుభ్రం చేయించండి.

ఆయిల్ గ్రేడు మాన్యువల్ ప్రకారమే. ఒక చక్రం మాత్రమే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునే లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్ అయితే దానికి తగినదే పోయాలి. సమతలంపై నిలిపి, సాధారణంగా ఆయిల్ పోసే రంధ్రం అంచు నుంచి కారేవరకు పోస్తే చాలు.