‘మెల్లగా పాడండి’ అంటే ఏమర్థమైంది?

సందేహం: సండే స్కూల్లో అయిదారేళ్ల పిల్లలకు పాటలు నేర్పుతుంటాను. బైబిల్లోని ఏలీయా ప్రవక్త కథ ఆధారంగా, సంగీతంలో డైనమిక్స్ (నాదం ఎక్కడ పెరగాలి, ఎక్కడ తగ్గాలి అన్నది) గురించి చిన్న పాఠం తయారు చేసుకున్నాను. దానికి ‘సంగీత గతిశాస్త్రం’ అని పేరు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అది సరైన మాటేనా? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘మెల్లగా పాడండి’ అంటే పిల్లలు పాటను సాగదీస్తున్నారు, ‘గట్టిగా’ అంటే అరుస్తున్నారు. వాళ్లకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ‘గతిశాస్త్రం’ వద్దమ్మా. అది భౌతికశాస్త్రంలోని మాట. వస్తువుల కదలికలనూ వాటికి కారణమయ్యే బలాలనూ చర్చించే విభాగానికి ఆ పేరు పెట్టుకున్నాం. ఇంగ్లీషువాళ్లు రెండుచోట్లా ఒకే మాట వాడారని మనమూ వాడితే చిక్కే. పైగా సంగీతంలో ‘గతి’కి ఇదివరకే వేరే పని ఉంది. తిస్ర గతి, చతురశ్ర గతి అన్నప్పుడు తాళంలో ఒక్కో అక్షరాన్ని ఎన్ని భాగాలు చేస్తున్నామో చెబుతున్నాం. నాదం పెద్దదా చిన్నదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ‘స్థాయి’తోనూ జాగ్రత్త. మంద్ర, మధ్య, తార స్థాయిలు స్వరం కిందిదా పైదా చెప్పేవి. ‘పై స్థాయిలో పాడండి’ అంటే సంగీతం తెలిసినవాళ్లు పై షడ్జం (పై ‘స’) దాటిపోతారు. మీరు రాసుకునే పాఠంలో ‘నాదంలో హెచ్చుతగ్గులు’ అనండి, లేదా డైనమిక్స్ అనే ఉంచండి. పిల్లలకు ఏ పేరూ అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. పిల్లలు పాటను సాగదీయడంలో వాళ్ల తప్పేమీ లేదు. ‘మెల్లగా నడువు, జారతావు’ అంటాం, ‘మెల్లగా మాట్లాడు, పాప లేస్తుంది’ అనీ అంటాం. మొదటిది వేగం, రెండోది శబ్దం. ‘నెమ్మదిగా’కూ ఈ రెండు పనులూ ఉన్నాయి. పోనీ ‘చిన్నగా’ అందామా అంటే, కొన్ని ప్రాంతాల్లో ‘చిన్నగా పో’ అంటే నిదానంగా వెళ్లమనే. నడకలో, మాటలో ఏది ఉద్దేశమో సందర్భమే చెప్పేస్తుంది. పాటలో రెండూ కుదురుతాయి కాబట్టి సందర్భం సాయపడదు. మనం శబ్దం గురించి చెబితే పిల్లవాడు వేగం అన్న అర్థం పట్టుకుంటాడు. ఇది తెలుగుకు మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. సంగీతలిపిలో నాదం తగ్గించమనడానికి రాసే ‘పియానో’ ఇటాలియన్ మాట. ఆ భాషలో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు దానికి ‘నిదానంగా’ అన్న అర్థం కూడా ఉంది! సుమారు 1700లో క్రిస్టోఫోరి తయారుచేసిన వాద్యానికి ఆ పేరు స్థిరపడింది, నొక్కే బలాన్ని బట్టి చిన్నగానూ పెద్దగానూ పలుకుతుంది కనుక.

కాబట్టి శబ్దం సంగతి చెప్పేటప్పుడు ‘గొంతు’ అన్న మాటను వదలకండి. ‘గొంతు తగ్గించి పాడదాం’ అంటే ఎవరూ సాగదీయరు. వేగానికి ‘నిదానంగా’, ‘త్వరగా’ అట్టే పెట్టుకోండి. ఒక చరణం తీసుకుని అరచేతులతో చప్పట్లు కొడుతూ పాడించండి. తర్వాత అదే చరణాన్ని అరచేతిమీద రెండు వేళ్లతో తడుతూ, గొంతు తగ్గించి పాడించండి. దెబ్బల మధ్య ఎడం మారకూడదు, చప్పుడు మాత్రమే తగ్గాలి. తేడా ఎక్కడుందో చెవికే తెలుస్తుంది.

‘గట్టి’ అనగానే పిల్లలు మెడ బిగిస్తారు, అరుపు వస్తుంది. ‘గొంతు విప్పి పాడండి’ అని చూడండి. మన నుడికారంలోనే పద్ధతి ఉంది. ‘నోరారా’ కూడా మంచి మాటే. ఇటు చివర ‘గుసగుసగా పాడండి’ అని మాత్రం అనకండి. గుసగుసలో స్వరతంతువులు కంపించవు, గాలి మాత్రమే వస్తుంది, కాబట్టి రాగం ఉండదు. గొంతుమీద చెయ్యి వేసుకుని ఒకసారి గుసగుసలాడమనండి, ఒకసారి సన్నగా పాడమనండి. రెండోసారి వేళ్లకు అదురు తగులుతుంది. గొంతు అంత తగ్గించినా అదురు ఉండాలి.

ఏలీయా కథ మంచి ఎంపిక. గాలి, భూకంపం, మెరుపు అయ్యాక ‘మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము వినబడెను’ (1 రాజులు 19:12). ఆ ‘నిమ్మళముగా’ను దయచేసి ‘మెల్లగా’ చేయకండి. యేసు మాటకు గలిలయ సముద్రం అణగినప్పుడూ ‘మిక్కిలి నిమ్మళమాయెను’ అనే ఉంది (మార్కు 4:39). అలజడి పోయిన ప్రశాంతత అది, తక్కువ శబ్దం ఒక్కటే కాదు. పిల్లలకు అర్థం కాదేమోనన్న భయం వద్దు. అంతకుముందు హోరు వినిపించి, ఆపి, ఆ మాట పలికితే చాలు.

ఒక హెచ్చరిక. చిన్న గొంతు భక్తి, పెద్ద గొంతు ఆడంబరం అన్న ముద్ర పడనివ్వకండి. ఏలీయా కథలోనే ముందు అధ్యాయంలో, బయలు అనే దేవుణ్ణి కొలిచే ప్రవక్తల కేకలకు జవాబు రాలేదు, నిజమే. కానీ అది కేకల తప్పు కాదు కదా. సమూయేలు ప్రవక్త తల్లి హన్నా ప్రార్థనలో పెదవులు మాత్రమే కదిలాయి. యెరికో పట్టణం దగ్గర ఇశ్రాయేలు జనం ఆజ్ఞ అయ్యేదాకా నోరు మెదపలేదు, అయ్యాక ఒక్కసారిగా కేకలు వేశారు. 100వ కీర్తన ‘ఉత్సాహధ్వని’ చేయమనే మొదలవుతుంది. సందర్భాన్ని బట్టి గొంతు, అంతే.

క్రమంగా పెంచడానికి, అంటే క్రెషెండోకు, మాట వెతుక్కోనక్కర్లేదు. సీనాయి కొండ దగ్గర బూరధ్వని ‘అంతకంతకు బిగ్గరగా’ మ్రోగిందని నిర్గమకాండము 19:19లో ఉంది. ‘అంతకంతకు పెంచుతూ’, ‘అంతకంతకు తగ్గిస్తూ’ అనండి. సముద్రం కథకు మాత్రం ఈ రెండోది అతకదు. యేసు మాట అనగానే గాలి అణగిపోయింది కాబట్టి అక్కడ గొంతు ఒక్కసారిగా తగ్గాలి.