పాత క్యాంపర్ వ్యాన్‌కు ఇంటి దగ్గరే రోలర్‌తో పెయింట్ వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. 1999 నాటి ఫోక్స్‌వ్యాగన్ టీ4 క్యాంపర్ కొన్నారు. రంగు వెలిసిపోయింది, చక్రాల చుట్టూ తుప్పు పొక్కులున్నాయి. బాడీ షాపులో చెప్పిన రేటు దాదాపు వ్యాన్ కొన్న ధరంత ఉంది. రోలర్ పట్టుకుని మనమే వేసుకుంటే ఇంటి గేటుకు వేసినట్టు ఉంటుందేమోనని మీ ఆయన భయం.

వేసుకోవచ్చండి. మాదీ టీ4 హైటాప్ (పైకప్పు ఎత్తుగా ఉన్న) వ్యానే. వేసవి వారాంతాల్లో ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి నేనే రోలర్‌తో వేశాను. ఇప్పటికీ దాన్లోనే లేక్ డిస్ట్రిక్ట్‌కీ, స్కాట్లాండ్‌కీ తిరుగుతున్నాం. గేటుకు వేసినట్టు లేదు. అలాగని షోరూమ్ బండిలానూ ఉండదు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే శుభ్రంగా, ఒకే రంగుగా ఉంటుంది. దగ్గరికెళ్లి వెలుతురు పక్కవాటుగా పడేలా చూస్తే బత్తాయి తొక్క లాంటి సన్నటి గరుకు కనిపిస్తుంది. అది మీ ఇద్దరికీ సమ్మతమేనా అన్నది ముందు తేల్చుకోండి.

చేత్తో వేసే పెయింట్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. 1920లలో డ్యూపాంట్ కంపెనీ స్ప్రే చేస్తే త్వరగా ఆరిపోయే డ్యూకో లాకర్ తెచ్చేదాకా ఖరీదైన కార్లకు కూడా బ్రష్షుతోనే కోటింగ్ మీద కోటింగ్ వేసేవారు. ఒక్కో బండికి వారాలు పట్టేది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు ఎనామిల్ వేసే పనివాళ్లను దగ్గర్నుంచి చూసినవాళ్లకు బ్రష్షుతో ఎంత నునుపు తేవచ్చో వేరే చెప్పక్కర్లేదు.

అయితే డబ్బు మిగులుతుందని మాత్రమే రోలర్ జోలికి వెళ్లకండి. నా దృష్టిలో దీని అసలు లాభం వేరు. స్ప్రే చేసిన బేస్‌కోట్ (రంగు పొర), దాని మీద క్లియర్‌కోట్ (రంగులేని మెరుపు పొర) ఉన్న బండికి గీత పడితే, ఆ ఒక్క చోట సరిచేసి చుట్టుపక్కల రంగులో కలిపేయడం ఇంట్లో అయ్యే పని కాదు. పాతికేళ్లు దాటిన టీ4కు గీతలు పడుతూనే ఉంటాయి. కార్న్‌వాల్ వైపు ఇరుకు రోడ్లలో ముళ్లకంచెలు రెండు పక్కలా గీస్తాయి, తుప్పు ఏటా ఎక్కడో ఒకచోట తల ఎత్తుతుంది. రోలర్‌తో వేసిన ఎనామిల్ అయితే ఆ ప్యానెల్ ఒక్కటి గరుకు చేసి, అదే డబ్బాలోంచి అదే రోలర్‌తో ఒక ఆదివారం వేసేస్తే అయిపోతుంది. కాబట్టి ఏ పెయింట్, ఏ రంగు అని ఆలోచించేటప్పుడు ‘రెండేళ్ల తర్వాత దీన్ని నేనే సరిచేసుకోగలనా?’ అని అడుగుతూ ఉండండి.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పరీక్ష. ఎండకు పాలిపోయిన చోట ఒక అడుగు మేర కటింగ్ కాంపౌండ్‌తో (పాత పెయింట్ పైపొరను అరగదీసే పేస్టు) గట్టిగా రుద్దండి. బట్టకు వ్యాన్ రంగు అంటుకుని, కింద మెరుపు తేలిందంటే ఆ రంగు ఇంకా బతికే ఉంది. అప్పుడు తుప్పున్న ప్యానెళ్లు మాత్రం చూసుకుని మిగతాది పాలిష్‌తో సరిపెట్టుకోవచ్చు. పైపొర పెచ్చులుగా లేస్తుంటే మాత్రం పెయింట్ తప్పదు.

పెయింట్ విషయానికొస్తే, సింగిల్ ప్యాక్ ఎనామిల్, అంటే హార్డెనర్ కలపకుండా డబ్బాలోంచి నేరుగా వాడేది, తీసుకోండి. మెషినరీ ఎనామిల్, కోచ్ ఎనామిల్, రస్ట్‌ఓలియం కాంబీకలర్ లాంటివి. హార్డెనర్ విడిగా కలిపే టూ ప్యాక్ పెయింట్లు గట్టిగా ఉంటాయి, నిజమే. కానీ వాటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడక ఆస్తమా తెచ్చిపెడతాయి. పిల్లలు తిరిగే ఇంటి ముందు వాటితో పని పెట్టుకోవద్దనే నా గట్టి సలహా. రాప్టర్ అనే మందపాటి రక్షణ పూత వేయమని చాలామంది చెబుతారు. అదీ టూ ప్యాకే, పైగా గరుకు పూత. దాని కింద తుప్పు మొదలైతే గీకి తీయడం నరకం. కింది అంచులకు తప్ప నేను వాడను.

రంగు మెటాలిక్ వద్దు. రోలర్‌తో మెటాలిక్ వేస్తే అందులోని రేకుల పొడి సమానంగా పరుచుకోక మచ్చలు పడుతుంది. ఆర్ఏఎల్ నంబరున్న రంగు ఎంచుకోండి. 1927లో జర్మనీలో మొదలైన ఈ నంబర్ల పద్ధతి వల్ల ఎన్నేళ్ల తర్వాతైనా, ఏ కంపెనీ డబ్బా అయినా దగ్గరి రంగు దొరుకుతుంది. మేం 1015 లైట్ ఐవరీ వేశాం. లేత రంగుకు ఇంకో మేలుంది: ప్యానెల్ వంకరలు, రోలర్ గరుకు అంతగా కనబడవు, ఎండలో లోపల అంత కాగదు. నలుపు, ముదురు నీలం ప్రతి లోపాన్నీ చూపిస్తాయి. మీ వ్యాన్‌కు రెండున్నర లీటర్ల డబ్బాలు రెండు కావాలి. మొదలుపెట్టేముందే రెండూ ఒక బకెట్‌లో కలిపేయండి. డబ్బాకీ డబ్బాకీ మధ్య చిన్న తేడా ఉన్నా ప్యానెల్ మధ్యలో బయటపడకుండా ఉంటుంది.

ఇక తుప్పు. మీ ఓపికంతా ఇక్కడ పెట్టండి. టీ4లో చూడాల్సిన చోట్లు: వీల్ ఆర్చ్‌ల అంచులు, తలుపుల కింది సిల్స్, జాకీ పెట్టే చోట్లు, ముందు అద్దం కింది మూలలు, డీజిల్ మూత చుట్టూ, పక్క ప్యానెళ్లు కలిసే అతుకులు. పైకి చిన్న పొక్కు కనిపిస్తుంది. దాన్ని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. మొన ఆగితే పైపైనే ఉంది. లోపలికి దిగిపోతే అక్కడ రేకు లేదు, ఉన్నది పెయింట్ మాత్రమే. దానికి వెల్డింగే మందు. పుట్టీ పెట్టి మూసేస్తే నాలుగు నెలల్లో మళ్లీ ఉబ్బుతుంది. సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు రేకు బలహీనపడేంత తుప్పు ఉంటే ఎంఓటీలోనూ (ఏటా జరిగే వాహన తనిఖీ) ఫెయిల్ చేస్తారు.

గట్టి రేకు మీది తుప్పును గ్రైండర్‌కు స్ట్రిప్ డిస్క్ పెట్టి తీయండి. చుట్టూ మంచి పెయింట్ కనిపించేదాకా వెడల్పుగా తీయాలి, ఎందుకంటే పొక్కు ఎంతుందో దానికి రెండింతలు తుప్పు పెయింట్ కింద పాకి ఉంటుంది. రేకు తెల్లగా మెరుస్తుంది కానీ దగ్గరగా చూస్తే అందులో సూదిమొనంత నల్ల గుంటలు మిగిలిపోతాయి. డిస్క్ వాటిలోకి వెళ్లదు, మళ్లీ పుట్టేది అక్కడినుంచే. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ ట్రీట్‌మెంట్‌ను చిన్న బ్రష్షుతో పొడుస్తూ ఆ గుంటల్లోకి పట్టించండి. డబ్బా మీద చెప్పినట్టు కడిగి, తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే రస్ట్ ప్రైమర్ వేయండి. బోడి రేకును ఒక్క రాత్రి కూడా వదలొద్దు. ఇంగ్లండ్ గాలిలోని తడికి పొద్దుటికల్లా గోధుమరంగు పొర కట్టేస్తుంది. పుట్టీ ఆ ప్రైమర్ మీద నిలుస్తుందో లేదో రెండు డబ్బాల మీదా చూసుకుని వేయండి. పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, మామూలు గ్రే ప్రైమర్ కూడా పీల్చుకుంటుంది. అందుకే ‘ఈ ఏడాది ప్రైమర్ వేసి ఉంచుదాం, వచ్చే ఏడాది రంగు’ అనే ఆలోచన పెట్టుకోకండి.

పుట్టీ అరిగించాక కంటిని నమ్మకండి. పల్చటి బట్ట మీద అరచేయి పెట్టి, కళ్లు మూసుకుని నిమరండి. కంటికి తెలియని గట్టు చేతికి తెలుస్తుంది.

తర్వాత వ్యాన్ మొత్తం కడగాలి. మీకన్నా ముందున్నవాళ్లు ఏళ్ల తరబడి పూసిన పాలిష్, సిలికాన్ దానిమీద ఉంటాయి. వాటి మీద పెయింట్ నిలవదు, చిన్న చిన్న గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. డీగ్రీజర్‌తో కడిగాక ప్యానెల్ వైప్ (మిగిలిన జిడ్డు తీసే ద్రవం) వాడండి, ఒక చేత్తో తడి బట్ట, వెనకే రెండో చేత్తో పొడి బట్ట. ఎక్కడైనా అనుమానముంటే నీళ్లు పోసి చూడండి. పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా చుట్టుకుంటే ఇంకా జిడ్డున్నట్టు. కడిగింది అయ్యాకే గరుకు కాగితం పట్టండి, ముందు పడితే ఆ జిడ్డును గీతల్లోకి రుద్దినట్టే. 320తో మొదలుపెట్టి 400 వాటర్ పేపర్‌తో ముగించాను. తడిగా రుద్దితే దుమ్ము లేవదు. ఆ నీళ్లు రోడ్డు పక్క డ్రెయిన్‌లోకి వదలకండి, అవి చాలాచోట్ల నేరుగా వాగుల్లోకే పోతాయి. పాత గుడ్డలు అడ్డం పెట్టి ఎత్తేయండి. పొడిగా రుద్దే చోట సన్నటి దుమ్మును ఆపే ఎఫ్ఎఫ్‌పీ3 మాస్క్ తప్పనిసరి.

హైటాప్ ఉంటే అది ఫైబర్‌గ్లాస్. దానికి 240తో గరుకు చేస్తే చాలు, వేడిగాలి పెట్టొద్దు.

వాతావరణం విషయంలో రాజీ పడకండి. 12 నుంచి 22 డిగ్రీల మధ్య, మబ్బుగా, గాలి లేని రోజు బాగుంటుంది. నేరుగా ఎండ పడే రేకు మీద పెయింట్ రోలర్ కిందే గట్టిపడిపోతుంది. మధ్యాహ్నం రెండు దాటాక కొత్త ప్యానెల్ మొదలుపెట్టొద్దు. సాయంత్రం మంచు దిగితే ఆరని ఎనామిల్ మెరుపు పోయి తెల్లగా మసకబారుతుంది.

రోలర్ నాలుగంగుళాల హై డెన్సిటీ ఫోమ్‌ది, చివరలు గుండ్రంగా ఉన్నది తీసుకోండి. పెయింట్‌లో వైట్ స్పిరిట్ 5 నుంచి 10 శాతం కలపండి. కర్ర పైకెత్తితే పెయింట్ తెగకుండా ధారగా జారి, చివర్లో చుక్కలుగా విడిపోవాలి. పెయింట్‌లో కలిపే ఒవట్రాల్ ఆయిల్ కొద్దిగా వేస్తే ఇంకా బాగా చదునవుతుంది.

ఒక ప్యానెల్ మొదలుపెడితే అంచు నుంచి అంచుదాకా ఆగకండి. తలుపు సందులు, స్లైడింగ్ డోర్ పట్టా, రేకులోని మడత గీతలు, ఇవే మీ సరిహద్దులు. ఫోన్ మోగినా మధ్యలో వదలొద్దు. అడుగున్నర వెడల్పు పట్టీ చొప్పున ముందు అడ్డంగా పరచి, తర్వాత నిలువుగా సరిచేసి, చివరగా రోలర్‌ను దాని బరువు మీదే పైనుంచి కిందికి ఒక్కసారి జారనివ్వండి. నొక్కితే అంచుల వెంట చారలు పడతాయి. వేయగానే పైన సన్నటి బుడగలు లేస్తాయి. చూసి టెన్షన్ పడొద్దు. నిమిషం ఆగి పక్కనుంచి వంగి చూడండి, ఒక్కొక్కటే పగిలి ఉపరితలం అద్దంలా సర్దుకుంటుంటుంది. పగలడం లేదంటే ఇంకొంచెం స్పిరిట్ కావాలి. తర్వాతి పట్టీని తడి ఆరకముందే దీనిలోకి కలపాలి. ఆరడం మొదలైన పెయింట్‌ను మళ్లీ తాకితే గీత శాశ్వతంగా ఉండిపోతుంది. ఏదైనా పురుగు వాలినా వదిలేయండి, ఆరాక తీయవచ్చు.

మొదటి కోటింగ్ చూసి మీ ఆయన పెదవి విరుస్తారు. కింద ప్రైమర్ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. దాన్ని కప్పేయాలని మందంగా వేస్తే జారుతుంది. పల్చగానే మూడు కోటింగులు వేయండి, నాలుగైనా పర్వాలేదు. కోటింగ్‌కీ కోటింగ్‌కీ మధ్య డబ్బా మీద రాసిన సమయం కచ్చితంగా పాటించి, 600 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. సగం ఆరినదాని మీద వేస్తే కింది పొర ముడతలు పడుతుంది. చివరి కోటింగ్ ఇంకా మెత్తగా ఉండగానే మాస్కింగ్ టేప్ తీసేయండి. పూర్తిగా ఆరాక లాగితే అంచు పెచ్చులా లేచి వస్తుంది.

ఎనామిల్, ఒవట్రాల్ తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడివిడిగా పరచి ఆరనివ్వాలి.

గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది కానీ లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ప్రెషర్ వాషర్, కారు కవర్, స్టిక్కర్లు వద్దు. ఆ తర్వాత గరుకు తగ్గించాలనిపిస్తే 1500, 2000 వాటర్ పేపర్, కాంపౌండ్ వాడి మెరుగు తేవచ్చు. నేను బానెట్‌కు మాత్రమే చేశాను, ఎదురుగా కనిపించేది అదే కనుక. మిగిలిన పెయింట్‌ను చిన్న గాజు సీసాల్లో అంచుదాకా నింపి మూత బిగించండి. గాలి లేకపోతే పైన తెట్టు కట్టదు.

రంగు మారుస్తుంటే డీవీఎల్ఏకు (వాహన రిజిస్ట్రేషన్ చూసే బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ) వీ5సీ (మన ఆర్సీ లాంటి పత్రం) మీద తెలియజేయాలి, ఫీజు లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. ఇండియాలో ఇదే పని చేయాలనుకునే వాళ్లు రంగు మార్చేముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి ఆర్సీలో మార్పించుకోండి.

మీ వ్యాన్ వెనక వీల్ ఆర్చ్ లోపలివైపు ఫొటో, సిల్ కింది ఫొటో ఇక్కడ పెట్టండి. బయటి పొక్కుల కన్నా అవి చూస్తేనే మీకు వెల్డర్ కావాలో అక్కర్లేదో చెప్పగలను. అది తేలేదాకా పెయింట్ కొనకండి.